కాళ్ళు ఆనే ఎత్తు

మా ఇంట్లో బండి తుడవడం నా పని, నడపడం మా ఆయన పని. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఈ పంపకం ఎవరూ పెట్టకుండానే అమల్లోకి వచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, టీ పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపు పాత టవల్ ముక్క తడుపుకుని మోటార్ సైకిల్ పక్కన చతికిలబడతాను. ముందు ట్యాంకు, తరువాత హ్యాండిలు, చక్రాల పుల్లలు, ఆఖరుకి వెనక చక్రానికి రెండు పక్కలా నిలబడి ఉండే స్ప్రింగులు. ఆ స్ప్రింగుల అడుగున లావుపాటి ఇనుప కడియం ఒకటి ఉంటుంది. దాని అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది. ఆ మెట్ల సందుల్లో దుమ్ము పేరుకుంటే గుడ్డ కొసను సన్నగా మెలితిప్పి తీస్తాను. అది అక్కడ ఎందుకుందో నాకు ఎవరూ చెప్పలేదు. తుడిచేవాళ్ళకి అవన్నీ ఎందుకని నేనూ అడగలేదు.

నేను పొట్టిదాన్ని. ఈ సంగతి నాకంటే ముందు మిగతావాళ్ళకే తెలుసు. పెళ్ళిచూపుల్లో మా ఆయన మేనత్త నా తల నుంచి పాదాల దాకా ఒక్క చూపులో కొలిచి, పిల్ల మంచిగనే ఉంది గని జర ఎత్తుంటే బాగుండు, అంది. మరాఠీ గడ్డ మీది ఈ మగ్గాల ఊళ్ళో, దాజీ పేట్‌లోని ఈ ఇంట్లో వంటగట్టును మా మామగారు రామచంద్రం తన కొలతకి కట్టించుకున్నారు. పోయేదాకా ఆయన దాని ముందు నిలబడి ఒక్క గ్లాసు పాలు కాచుకున్నది లేదు. దాని ముందు రోజూ నిలబడేదాన్ని నేను, పీట వేసుకుని. మా కోడలు పీటెక్కి వండుతది అని మా అత్తమ్మ ఎల్లమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. పై అర మీది డబ్బాలు, బట్టలారేసే తీగ, తలుపు గడియ, ఏదీ నాకు అందదు. అందనివాటి కోసం ఎగిరీ ఎగిరీ ఇన్నేళ్ళూ నాలోనే ఏదో కొరత ఉందని నమ్మేశాను. నమ్మడానికి పెద్ద కష్టం కూడా పడలేదు, ఇంట్లో ప్రతి వస్తువూ ఆ మాటే అంటుంటే.

ఇంటి దగ్గర కుట్టుమిషన్ మీద నేను టవళ్ళ అంచులు కుడతాను. కార్ఖానా నుంచి కోసిన టవళ్ళు మూటలుగా వస్తాయి, కుట్టినవి మూటలుగా పోతాయి. ఇంటింటికీ ఆ మూటలు ఇచ్చి, తిరిగి పట్టుకెళ్ళే పనిని రౌండు అంటారు. ఆ రౌండు చేసే కోమల్, భర్తకి పుణేలో పని దొరికి వెళ్ళిపోయింది. గల్లీల్లో అంచులు కుట్టే ఆడవాళ్ళలో సగం మంది నా దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళే. ఎవరి దారం ఎక్కడ వదులవుతుందో నాకు చూడకుండానే తెలుసు. అందుకని కార్ఖానా సేఠ్ నన్నే పిలిపించి, గాడీ ఉంటే సోమవారం నుంచి రౌండు నువ్వే చూసుకో, లేకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటా, అన్నాడు. ఇంటికి వస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. ఇన్నేళ్ళూ మూటలు నా గుమ్మం ముందుకు వచ్చాయి. ఇక నేను గుమ్మం దాటి వాటితో పోతాను, పది ఇళ్ళకి పోతాను, కుట్టు బాగుంటే బాగుందని, లేకపోతే విప్పి మళ్ళీ కుట్టమని చెప్పేదాన్ని అవుతాను. ఆ పని నాకు కావాలి. అంత గట్టిగా నాకేదైనా కావాలని అనుకుని చాలా కాలమైంది.

బండి ఉంది. మా ఆయన రాకేశ్ పవర్‌లూమ్ షెడ్డుకి నడిచే పోతాడు, కాబట్టి అది ఆదివారం దాకా చాదర్ కప్పుకుని వాకిట్లో నిలబడే ఉంటుంది. లైసెన్సు ఉంది, జోడ్‌భావి పేట్‌లో మా నాన్న బండి మీద నేర్చుకుని పెళ్ళికి ముందే తీసుకున్నాను. ఆ బండి పాతది, కూర్చుంటే కాళ్ళు హాయిగా ఆనేవి. ఈ బండి అలా కాదు. అన్నం వడ్డిస్తూ సంగతి చెబితే ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని నవ్వాడు. చెడ్డవాడు కాదు, తిట్టడు, కొట్టడు. నవ్వుతాడు, అంతే.

"నడుపుడు కాదే మంగళా, ఆగుడెట్ల? సిగ్నల్ పడ్తే కాలేడ పెడ్తవ్?"

స్కూటీ కొందామన్న మాట మా ఇంట్లో ఒక దీపావళి నుంచి ఇంకో దీపావళికి జరుగుతూనే ఉంది. ఆ మాట మళ్ళీ ఎత్తాడు. నేను ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను.

మర్నాడు ఆయన షెడ్డుకి పోగానే చాదర్ తీసి, అరుగు పక్కకి జరుపుకుని, అరుగు మీద నుంచి బండెక్కాను. పోవడం బాగానే పోయాను. గేర్లు చేతికీ కాలికీ గుర్తున్నాయి. గల్లీ చివర నూలు మూటల బండి అడ్డం వచ్చింది. ఆగాను. ఎడమ కాలు కిందికి చాపితే నేల లేదు. బొటనవేలు నేల కోసం వెతుకుతూనే ఉంది, బండి మురికికాలువ వైపు వాలుతూనే ఉంది. ఎంత నెమ్మదిగా పడ్డానంటే, నేను పడుతున్నానని గల్లీ అందరికీ తెలిసేంత తీరిక దొరికింది. నలుగురు పరుగెత్తుకొచ్చి బండిని లేపారు, ఒకావిడ నన్ను లేపింది. ఈమెకెందుకు ఇవన్నీ అని ఎవరో అన్నారు, ఎవరన్నారో తల తిప్పి చూడలేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయన ముందు బండి అద్దం పగలడం చూశాడు, తరువాత నా మోకాలు చూశాడు. చెప్పిన కదా, నీ కాళ్ళకు గీ బండి కాదు, అన్నాడు. ఆ పూట నేను కంచం పెట్టుకోలేదు. నొప్పికి కాదు, ఆయన చెప్పింది నిజమైపోయినందుకు.

ఆయన తిరిగి షెడ్డుకి పోయాక, గడప దగ్గర ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అత్తమ్మ, తల ఎత్తకుండానే మాట మొదలుపెట్టింది. మా ఇంట్లో పవర్‌లూమ్ రోజులకి ముందు గుంత మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, కింద వేలాడే కర్రల్ని తొక్కుతూ నేసేవాళ్ళు. అత్తమ్మా దాని మీద నేసింది.

"కొత్తల మగ్గం కాడ కూసుంటే నా కాళ్ళు గాల్లనే ఊగుతుండె. మీ మామ తొక్కుడు కర్రల తాళ్ళు ఇప్పి, నా కాళ్ళు కొలిచి మళ్ళ కట్టిండు. గీ కాలుకో తాడు, గా కాలుకో తాడు. మగ్గాన్ని మనిషికి తగ్గట్టు కడ్తరు పిల్లా. మనిషిని గుంజి పొడుగు చేస్తరా?"

ఆమె కట్టిన బీడీని కట్టలో పడేసి ఇంకో ఆకు తీసుకుంది. మళ్ళీ తనే, నేను లేస్తే తప్ప ఆ తాళ్ళు ఎవ్వరు ముట్టకపోదురు, మీ మామ గూడ అడిగే ముట్టేటోడు, గది మన రివాజు, అంది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నేను పీట ఎక్కి వండుతుంటే నవ్విన మనిషి ఈ మాట ఇవాళ చెబుతోంది. తాళ్ళు కట్టించుకున్న మనిషికి వంటగట్టు ఎత్తు ఎందుకు కనిపించలేదో అడగాలని నోటి దాకా వచ్చింది. కానీ అప్పటికే నా కళ్ళు వాకిట్లోకి పోయాయి. బండి వెనక స్ప్రింగు అడుగున ఉన్న కడియం మెట్ల మీద ఎండ పడుతోంది. మెట్లు ఊరికే ఎవరూ కొయ్యరు. ఎక్కడానికో దిగడానికో కోస్తారు.

బండి పక్క డబ్బాలో సామాను సంచి ఉంది. అందులో కొక్కెంలా వంగిన పానా ఒకటి ఉంది, దాన్ని కూడా తుడిచి పెట్టేదాన్నే. కడియం పక్కన ఉన్న గంటులో ఆ కొక్కెం సరిగ్గా పట్టింది. కాలు తన్నిపెట్టి లాగితే కిర్రుమని తిరిగింది. పై మెట్టు మీద ఉన్నది ఒక మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది. అడుగు మెట్టు దాకా దించాను. ఎడమ పక్క స్ప్రింగు మాత్రమే దించాను. ఆగేటప్పుడు కింద పెట్టేది ఎడమ కాలే కదా, ఆ కాలి తాడు సరిచేస్తే చాలని నా లెక్క. కుడి దాన్ని ముట్టుకోలేదు.

శనివారం పొద్దున నేనూ మా బిడ్డ ఋతుజా కలిసి బండిని తోసుకుంటూ కొంతం చౌక్ దగ్గరి ఓంకార్ గ్యారేజీకి తీసుకుపోయాం. అద్దం ఎలాగూ వేయించాలి. బాపుకు చెప్పొద్దా అమ్మా, అంది ఋతుజ. అయినంక చెప్దాం, అన్నాను. ఓంకార్ మరాఠీ పిల్లవాడే అయినా మా గల్లీల్లో పెరిగి తెలుగు బాగానే మాట్లాడతాడు. భావు రాలేదా వహినీ, అన్నాడు ముందు, అంటే అన్న రాలేదా వదినా అని. నడిపేది నేను, నాతోనే మాట్లాడు, అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను వెనక్కి వంగి స్ప్రింగులు చూసి, మళ్ళీ ఇటు నుంచి వచ్చి చూసి, ఎవరు తిప్పిండ్రు గిది ఒక్క పక్కనే, అని అడిగాడు. నేనే అన్నాను, మగ్గం తాళ్ళ సంగతితో సహా ఎందుకో కూడా చెప్పాను. అతను నవ్విన నవ్వుకి పక్క టీ కొట్టులో వాళ్ళు కూడా తొంగి చూశారు. నవ్వు ఆపుకుని, రెండు స్ప్రింగులూ కలిసి ఒకే చక్రాన్ని మోస్తాయని, ఒకటి పైనా ఒకటి కిందా ఉంటే చక్రాన్ని పట్టుకున్న చట్రం మెలి తిరుగుతుందని, మూల తిరిగేటప్పుడు పడేస్తుందని చెప్పాడు.

"మగ్గం కాదు వహినీ, గాడీ ఇది. రెండు దిక్కుల బరాబర్ ఉండాలె."

తరువాత కుడి పక్క దాన్ని వేలితో తట్టి చూపించాడు. అది అన్నిటికంటే పై మెట్టు మీద ఉంది. పై మెట్టంటే స్ప్రింగు గట్టిగా బిగుసుకుని ఉంటుందట, బరువు మోసే బండికి అలా పెడతారట. మూటలేస్తే తప్ప వంగదు, మనిషి కూసుంటే దీనికి తెలువనే తెలువది, అన్నాడు. వెనక సీట్లో ఎవరు కూర్చునేవారని అడిగాడు. నేను, అన్నాను.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. బండి కొన్న కొత్తలో మా ఆయన దాని మీద నూలు మూటలు మోసేవాడు. అప్పుడు బిగించి ఉంటారు. నూలు మోయడం మానేసి ఏళ్ళయింది, స్ప్రింగుని మాత్రం ఎవరూ వదులు చెయ్యలేదు. ఆ నూలు మూటల ఎత్తు మీదే నేను ఇన్నేళ్ళూ వెనక కూర్చున్నాను. నెలలు నిండి, ఋతుజ కడుపులో ఉన్నప్పుడు ఆస్పత్రికి పోయే దారంతా గుంతలే. ఒక్కో గుంతకీ దెబ్బ నడుము నుంచి మెడ దాకా వచ్చేది. కడుపుని రెండు చేతులా పట్టుకుని, జర మెల్లగ పోనియ్యి అంటే, అన్నీ నీకే ఎక్కువ తెలుస్తయి, అనేవాడు. ముందు సీట్లో ఆయనకి అంత తెలిసేది కాదు నిజమే. వెనక సీటు సరిగ్గా చక్రం మీద ఉంటుంది. ఆ సీటు మీద ఆయన ఒక్కనాడూ కూర్చోలేదు. నేను మాత్రం ఆడదాని నడుము ఇంతేనేమో అనుకున్నాను. ఆ గ్యారేజీలో నూనె మరకల మధ్య నిలబడి ఉంటే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాదు, ఆయన మీదే. ఆ వెనకాలే నా మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ కూడా వచ్చింది. కొరత నాలో లేదు, బండి బిగుసుకుని ఉంది.

కుడి కడియం నేనే దించుతానన్నాను. ఓంకార్ పానా ఇచ్చి పక్కకి జరిగాడు. దించాక బండి ఏమీ పొట్టిది కాలేదు, అంతే ఎత్తున నిలబడింది. ఖాళీగ ఉంటే గంతే ఉంటది వహినీ, నువ్వు కూసో చెప్త, అన్నాడు. కూర్చుంటే బండి నా కింద మెత్తగా, ఒద్దికగా దిగింది. వేళ్ళ కొసలు నేలకి తగిలాయి. మిగతా కొరత సీటుది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు బయటికి పోతాయని, ఆ వెడల్పే కాళ్ళ పొడుగు తినేస్తుందని చెప్పి, సీటు విప్పి, లోపలి మెత్తను ముందు వైపు కొంచెం పల్చగా, పక్కలకి సన్నగా చెక్కాడు. మరీ చెక్కితే కింది రేకు గుచ్చుకుంటుందని మధ్యలో ఆపాడు. పాత తొడుగు ఇక దానికి వదులు. కొత్తది ఎవరి దగ్గరో కుట్టిద్దామన్నాడు. కుట్టు సంగతి నాకు వదిలెయ్, అన్నాను. ఇంటికి తెచ్చి, లావు సూది వేసి, నల్ల రెక్సిన్‌కి టవల్ అంచుకి వేసినట్టు రెండు వరసల కుట్టు వేశాను. అంత చక్కని కుట్టు నా జన్మలో వెయ్యలేదు. ఎవరి ఇంటికో పోయే టవల్ కాదు మరి, నేను కూర్చునేది.

సాయంత్రం చౌక్ వెనక ఖాళీ జాగాలో ఓంకార్ నాకు ఆగడం నేర్పాడు. రెండు కాళ్ళ మీద నిలబడాలని చూడొద్దు, కుడి కాలు బ్రేకు మీదే ఉంచి, నడుము కొంచెం ఎడమకి జార్చి, ఎడమ పాదం ఒక్కటి నిండుగా ఆనించు. మూటలు వేస్తే రెండు పక్కలా ఒక్కో మెట్టు పైకి పెట్టు, లేకపోతే చక్రం మడ్‌గార్డుకి రాసుకుంటుంది, అన్నాడు. ఆగాను, కదిలాను, మళ్ళీ ఆగాను. ఋతుజ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

సోమవారం మూటలు వెనక కట్టుకుని దాజీ పేట్ గల్లీల్లోకి తిరిగాను. రెండు పక్కలా మగ్గాల చప్పుడు, ఆ చప్పుడులో నా బండి చప్పుడు. నన్ను లేపిన ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను ఆమె ముందే ఆగి, పాదం ఆనించి, హారన్ కొట్టి, మూట దించాను. అక్కర లేకపోయినా ఆ రోజు చాలా చోట్ల ఆగాను. గర్వమా అంటే గర్వమే, దాచుకోను. మా ఆయన సీటు చూసి, ఖరాబ్ చేసినవ్, అన్నాడు. రెండు రోజులు పెద్దగా మాట్లాడలేదు. మూడో రోజు షెడ్డులో అందరితో, మా ఆవిడకి బండి నేనే నేర్పిన, అని చెప్పుకున్నాడని తెలిసింది. ఆ మాటకి నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఈసారి నవ్వు నా వంతు అయింది.

నెల తిరగలేదు. ఒక ఆదివారం ఆయన షెడ్డు యజమానికి నూలు మూటలేవో చేరవేస్తానని బండి తీసుకుపోయి పొద్దుగూకేసరికి వచ్చాడు. సోమవారం పొద్దున తుడుద్దామని కూర్చుంటే కడియాలు రెండూ పై మెట్టు మీద ఉన్నాయి. పానా వాకిట్లోనే పడి ఉంది. నా కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకున్న పానా. అడిగితే, నూలు మోస్తే గట్టిగుండాలె గదా, నీదే ఉన్నట్టు మాట్లాడుతవేంది, అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అత్తమ్మ బీడీ చుట్టడం ఆపింది.

"కూసునేదాన్ని అడగకుండ తాళ్ళు ముట్టుడు మీ బాపు గూడ చెయ్యలె," అంది కొడుకుతో.

ఆయన వినిపించుకోలేదు. ఆలస్యమైంది, షెడ్డు కాడ దించి పో, అన్నాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. పానా తీసి చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్నాను. కడియాల్ని ముట్టుకోలేదు. ఎక్కు, అన్నాను. పదహారేళ్ళలో మొదటిసారి ఆయన తన బండి వెనక సీటు ఎక్కాడు. ఆయన బరువుకి బండి కొంచెం దిగింది, నా వేళ్ళు ఆనాయి, అది చాలు. షెడ్డుకి రెండు దార్లున్నాయి. ఒకటి నున్నటి దారి. నేను రెండో దారి పట్టాను. ఆస్పత్రికి పోయే దారి, ఇప్పటికీ బాగుపడలేదు.

మొదటి గుంతకి ఆయన అబ్బా అన్నాడు. రెండో గుంతకి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. నేను వేగంగా పోలేదు, ఆయన ఎప్పుడూ పోయినంత వేగంతోనే పోయాను. మూడో దానికి, ఏందే గిట్ల కొడ్తుంది, నడుమిరిగింది, జర మెల్లగ, అన్నాడు.

"ఋతుజ కడుపుల ఉన్నప్పుడు గిదే తొవ్వ," అన్నాను. "గిదే మెట్టు."

ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి మెల్లగా జారి సీటు పట్టీని పట్టుకుంది. షెడ్డు కనిపించే మలుపు దగ్గర బండి ఒక పక్కకి తీసి ఆపాను. ఆయన దిగి, నడుము పట్టుకుని, కాసేపు ఆ స్ప్రింగుల వంకే చూశాడు. తరువాత చెయ్యి చాపాడు.

"పానా ఇయ్యి. తిప్పుత," అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

ఇస్తే తిప్పేవాడే, నాకు తెలుసు. తిప్పి, అయిపోయిందిగా అని చేతులు దులుపుకునేవాడు కూడా. నేను ఇవ్వలేదు. కుచ్చిళ్ళ దగ్గరి నుంచి పానా తీసి, రోడ్డు పక్కన కూర్చుని, ఎడమ కడియం దించాను, లేచి అటు పోయి కుడి కడియం దించాను, రెండూ అడుగు మెట్టుకి. దారిన పోయేవాళ్ళు చూశారు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. పని అయ్యాక బండెక్కి, పాదం ఆనించి, స్టార్ట్ చేశాను. ఆయన అలవాటుగా వెనక ఎక్కబోయాడు.

"గీ మెట్టు నా కోసం పెట్టుకున్న. ఇద్దరమెక్కితే చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటది," అన్నాను. "షెడ్డు కనవడుతనే ఉంది, నడువు. నూలు మొయ్యాలంటే ముందురోజు నన్నడుగు."

అద్దంలో చూస్తే ఆయన నడుము నిమురుకుంటూ షెడ్డు వైపు నడుస్తున్నాడు. నేను కార్ఖానా వైపు తిరిగాను. కొంతం చౌక్ చేరేసరికి ఎర్రలైటు పడింది. నా ముందు ఆటోలు, పక్కన బస్సు, వెనక అందరూ హారన్లు. నేను నడుము కొంచెం జార్చి, పాదం నేల మీద నిండుగా పెట్టి, ఆగాను.